మేపుల్ చెట్టు కింద వుడ్ ఆస్టర్: ఆరింటిలో మూడు పోయాయి, మిగిలిన మూడింటిని ఎలా కాపాడుకోవాలి?

వెనకపెరడు – సెంట్రల్ న్యూజెర్సీ

నమస్కారం అండి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను. వివరాలు లేకుండా అడిగితే మళ్ళీ అవే మీరు అడగాల్సి వస్తుందని.

మా ఇంటి వెనక పెద్ద మేపుల్ చెట్టు ఉంది. మేము ఇల్లు కొనేనాటికే అది మా కప్పు దాటి పెరిగింది. దాని కింద గడ్డి బతకదు. మూడేళ్ళు వరసగా సెప్టెంబర్‌లో గడ్డి విత్తనం చల్లాం. ప్రతిసారీ మే నెలలో పచ్చగా కనిపించి జూలైకల్లా మళ్ళీ ఉత్త మట్టి. వేర్లు నేల పైకే తేలి ఉంటాయి, చేత్తో తడిమితే తాళ్ళ మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. చిన్న వాన పడితే పెరడంతా తడిసినా ఆ చెట్టు మొదట్లో మాత్రం దుమ్ము లేస్తుంది.

పోయిన సెప్టెంబర్‌లో వాచుంగ్ రిజర్వేషన్ అనే అడవి పార్కులో నడవడానికి వెళ్ళాం. ఓక్, బీచ్ చెట్ల కింద, రాళ్ళున్న వాలులో, ఎవరూ నీళ్ళు పోయని చోట, మోకాలి ఎత్తున తెల్లపూలు. ఒకటీ రెండూ కాదు, వాలు మొత్తం. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. ఒక పువ్వు పట్టుకుని చూసి "ఇది మన గడ్డిచామంతికి చుట్టంలా ఉందే" అంది. ఇంటికొచ్చి ఫోటో పెట్టి వెతికితే వైట్ వుడ్ ఆస్టర్ అని తేలింది. అమ్మ చెప్పింది నిజమే, రెండూ చామంతి కుటుంబమే. ఆ వాలు నా మనసులోంచి పోలేదు. మా చెట్టు కింద కూడా అదే నీడ, అదే పొడి నేల. ఇక్కడ మాత్రం ఎందుకు రాదు అనిపించింది.

ఈ ఏడు మే చివరి వారంలో, ఊళ్ళో ఇక్కడి అడవి మొక్కలు అమ్ముతుంటే ఆరు తెచ్చాను. ఒక్కోటి గ్యాలన్ కుండీలో, అడుగు ఎత్తున, చక్కగా ఉన్నాయి. లేబుల్ మీద "వుడ్ ఆస్టర్" అని మాత్రమే ఉంది. కుండీ పట్టేంత గుంట తీయడానికి చాలా వేర్లు నరకాల్సి వచ్చింది. తీసిన మట్టిలో సంచీ కంపోస్టు సగానికి సగం కలిపి నాటాను. పైన చెక్క ముక్కల మల్చ్ నాలుగు అంగుళాలు పరిచాను. జూన్ అంతా వారానికి రెండుసార్లు హోస్‌తో నీళ్ళు పెట్టాను. జూలైలో ఎండలు ముదిరిన పది రోజుల్లో మేము ఊళ్ళో లేం. తిరిగొచ్చేసరికి మూడు కరకరలాడిపోయాయి.

మిగిలిన మూడు ఇప్పుడు, ఆగస్టు మధ్యలో, ఇలా ఉన్నాయి: రెండు మధ్యాహ్నానికి వాడి సాయంత్రానికి లేస్తున్నాయి. ఒకటి పక్కకి పూర్తిగా వాలిపోయింది, కానీ దాని చివర మొగ్గలు కనిపిస్తున్నాయి. కింది ఆకులు ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు ఉన్నాయి. కుందేళ్ళు అనుకుంటున్నాను.

నా ప్రశ్నలు. తప్పు చోటుదా, నాదా? చెట్టు చుట్టూ ఆరు అంగుళాలు కొత్త మట్టి పోసి అందులో నాటితే పని సులువవుతుందా? మిగిలిన వాటిని అక్టోబర్‌లో వేరే చోటికి మార్చాలా? మా ఆయన "ఈ టెన్షన్ ఎందుకు, నేలంతా కప్పే పాకిసాండ్రా మొక్క వేసేద్దాం, అందరూ అదే వేస్తారు" అంటున్నారు. నాకు మాత్రం ఆ పువ్వే కావాలి.

---

రాతినేల – చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా

మీరు వివరంగా రాయడం వల్ల చాలా మేలు జరిగింది, ఎందుకంటే జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. చోటులో తప్పేమీ లేదు. వైట్ వుడ్ ఆస్టర్‌కి పొడి నీడ అలవాటే, న్యూ ఇంగ్లండ్ నుంచి అపలాచియన్ కొండల వెంట జార్జియా దాకా అది సొంతంగా పెరిగే చోట్లన్నీ దాదాపు అలాంటివే. దెబ్బ కొట్టింది కుండీ సైజు, నాటిన నెల. పదకొండేళ్ళుగా రెండు మేపుల్ చెట్ల కింద ఈ మొక్కనే పెంచుతున్నాను. మొదటి ఏడాది నేను చేసింది అచ్చం మీరు చేసిందే.

గ్యాలన్ కుండీలో ఉండేది నిజానికి మట్టి కాదు. పీట్ (చిత్తడి నేలల్లో కుళ్ళిన నాచు), బెరడు పొడి కలిపిన మిశ్రమం. అది ఒక్కసారి పూర్తిగా ఎండితే తిరిగి నీళ్ళు పీల్చుకోదు. మీరు హోస్ పెడితే నీళ్ళు వేరుముద్ద అంచుల వెంట జారి కిందికి పోతాయి, పైన నేల తడిగా కనిపిస్తుంది, లోపల ముద్ద ఎండిపోయి ఉంటుంది. దీనికి తోడు మీరు గుంటలో వేసిన కంపోస్టు. అది ఆస్టర్‌కి దక్కలేదు. మేపుల్‌కి సన్నవేర్లు లెక్కలేనన్ని, మెత్తటి తేమ మట్టి దొరికితే కొన్ని వారాల్లోనే అందులోకి వచ్చేస్తాయి. ఆ మొదటి ఆగస్టులో చచ్చిపోయిన నా మొక్కని పైకి తీస్తే దాని వేరుముద్ద చుట్టూ మేపుల్ వేర్లు జడలా అల్లుకుని ఉన్నాయి. నేను మేపుల్‌కి అన్నం పెట్టి ఆస్టర్‌ని పస్తు ఉంచానని అప్పుడు అర్థమైంది. చాలా బాధ వేసింది.

అందుకే నా మాట ఒక్కటే: చెట్టు కింద నాటేటప్పుడు మొక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. నారు ట్రేల్లో వస్తాయే, ప్లగ్స్ అంటారు, అవి కొనండి. రెండు అంగుళాల వెడల్పు, నాలుగైదు అంగుళాల లోతు ఉంటాయి. అవి దొరక్కపోతే మూడంగుళాల కుండీవి. వీటికి గుంట తవ్వక్కర్లేదు. సన్నటి బొరిగె లాంటిది తీసుకుని వేర్ల మధ్య సందు వెతకండి. దిగబడిన చోట అటూ ఇటూ ఊపితే మొక్క పట్టేంత చీలిక వస్తుంది. పెన్సిల్ కంటే సన్నవేరు తగిలితే కోసేయవచ్చు. బొటనవేలంత వేరు తగిలితే దాని జోలికి పోవద్దు, రెండంగుళాలు పక్కకి జరగండి. వరసలు, కొలతలు అనుకోకండి, చెట్టు ఎక్కడ చోటిస్తే అక్కడ. సుమారు అడుగు, అడుగుంపావు ఎడం సరిపోతుంది. చెట్టు బోదెకి మూడు నాలుగు అడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. కంపోస్టు వద్దు, ఎరువు అసలే వద్దు. బలమైన నేలలో ఈ మొక్క పొడుగ్గా లేతగా పెరిగి పడిపోతుంది.

ఎప్పుడు నాటాలంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య లోపు. పైన ఎండ తగ్గుతుంది, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, మొక్క ఆకుల మీద కాకుండా వేర్ల మీద పని చేస్తుంది. మేలో నాటిన మొక్క ఆరు వారాల్లోనే ఎండాకాలంలో పడుతుంది. పైగా అప్పటికే మేపుల్ నిండా ఆకులతో నేలలో ఉన్న నీళ్ళన్నీ తాగుతూ ఉంటుంది.

కొత్త మట్టి పోయడం గురించి: దయచేసి వద్దు. చెట్టు పీల్చే వేర్లు నేల పైపొరలోనే ఉంటాయి, వాటికి గాలి కావాలి. ఆరంగుళాల మట్టి కప్పితే చెట్టుకి ఊపిరాడదు, బోదె మొదట్లో మట్టి ఎక్కితే బెరడు కుళ్ళుతుంది. అంతా చేసినా ఒకటి రెండేళ్ళలో మేపుల్ వేర్లు ఆ కొత్త మట్టిలోకి పైకి వచ్చేస్తాయి, మీరు మొదలుపెట్టిన చోటికే వస్తారు.

ఇప్పుడు ఉన్న మూడింటిని కదపకండి. ఈ ఎండలో కదిపితే పోతాయి. అక్టోబర్‌లో కూడా అవసరం లేదు, బతికి ఉన్నాయంటే ఆ చోట వేళ్ళూనుకుంటున్నాయని అర్థం. చెయ్యాల్సింది నీళ్ళు పట్టే పద్ధతి మార్చడం. ఖాళీ ప్లాస్టిక్ పాలడబ్బా అడుగున సూదితో రెండు చిల్లులు పెట్టి, నీళ్ళు నింపి, మొక్క మొదట్లో ఆనించి పెట్టండి. గంటసేపు బొట్టు బొట్టుగా దిగుతుంది. ముందు ఒక సన్నపుల్లతో వేరుముద్దలో నాలుగైదు చోట్ల గుచ్చండి, నీళ్ళు లోపలికి పోవడానికి. వాన లేకపోతే వారానికి రెండుసార్లు. రెండంగుళాల లోతున వేలుపెట్టి చూడండి, చల్లగా తగిలితే ఆరోజు ఆపేయండి. మల్చ్ నాలుగంగుళాలు ఎక్కువ, చిన్న వాన దాన్ని దాటి నేలకి చేరదు. సగం తీసేయండి, కాండానికి తగలకుండా చుట్టూ జరపండి.

ఇక అది ఏ ఆస్టర్ అన్నది తేల్చుకోవాలి. లేబుల్ మీద ఉత్త "వుడ్ ఆస్టర్" అంటే కనీసం మూడు ఉండవచ్చు. తెల్లది యూరిబియా డివారికేటా. కాండం నల్లగా, కణుపు కణుపుకీ అటూ ఇటూ వంగుతూ వంకరటింకరగా పోతుంది. ఆకు హృదయం ఆకారం, అంచున పెద్ద పళ్ళు, తొడిమ ఉంటుంది. పూరేకులు ఐదు నుంచి పది దాకా, అది కూడా ఎడంగా, ఒకటో రెండో ఎవరో పీకేసినట్టు ఉంటాయి. మధ్య బొడ్డు ముందు పసుపు, తర్వాత ఊదా ఎరుపు. ఒకే కొమ్మ మీద రెండు రంగులూ కనిపిస్తాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే. నీలంది సింఫియోట్రైకమ్ కార్డిఫోలియమ్. దీని పూలు చిన్నవి, లేత నీలం, గుత్తులు గుత్తులుగా వస్తాయి, మొక్క మూడు నాలుగు అడుగులు లేస్తుంది. మూడోది పెద్దాకు ఆస్టర్, యూరిబియా మాక్రోఫిల్లా. నేలమీద అరచేతి కంటే పెద్ద గరుకు ఆకులు పరుచుకుంటాయి, పూలు తక్కువ. మీ ఎండు నీడకి తెల్లదే తగినది. నీలందానికి కాస్త వెలుగు, కాస్త తేమ ఎక్కువ కావాలి. దాన్ని చెట్టు గొడుగు అంచున పెట్టండి.

కొనేటప్పుడు పేరు విషయంలో తికమక పడకండి. లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త 1753లో తెల్లదానికి ఆస్టర్ డివారికేటస్ అని పేరు పెట్టాడు. 1994లో గై నెసమ్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికా ఆస్టర్లని పాత ఆస్టర్ ప్రజాతిలోంచి విడదీసి వేరే ప్రజాతుల్లో పెట్టాడు, అలా తెల్లది యూరిబియా అయింది. నర్సరీల్లో ఇప్పటికీ రెండు పేర్లూ కనిపిస్తాయి, మొక్క ఒకటే. "ఈస్టర్న్ స్టార్" అనే రకం దొరికితే అది కాస్త పొట్టిగా ఉంటుంది, పడిపోవడం తక్కువ.

మీ చెట్టు నార్వే మేపులా కాదా కూడా చూడండి. ఆకు తొడిమ విరిస్తే పాలు వస్తే నార్వే. మీరు చెప్పిన ఎండు నేల, పైకి తేలిన వేర్లు వింటే అదే అనిపిస్తోంది. అది యూరప్ చెట్టు, ఇక్కడి అడవుల్లోకి పాకి చాలా నష్టం చేస్తోంది. దాని మొలకలు మీ పెరట్లో కనిపిస్తే పీకేస్తూ ఉండండి.

మొదటి ఏడాది మీకు ఏమీ కనిపించదు. రెండో ఏడాది నాలుగు కాండాలు. మూడో ఏడాది సెప్టెంబర్‌లో మీరు కిటికీ దగ్గర నిలబడిపోతారు. నేల లోపల పాకే కాండాల నుంచి పిలకలు వేస్తూ, రాలిన విత్తనంతో మొలుస్తూ, దానంతటదే ఖాళీలు పూడ్చుకుంటుంది. నేను మొదట నాటినవి 25. ఇప్పుడు లెక్క పెట్టడం మానేశాను.

---

వెనకపెరడు

మీ జవాబు చదవగానే చెట్టు దగ్గరికి పరుగెత్తాను. తొడిమ విరిస్తే తెల్లటి పాలు కారాయి, నార్వేనే. మిగిలిన మూడు మొక్కల కాండాలు నిజంగానే నల్లగా, వంకరటింకరగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నీళ్ళు లేక అలా వంకరపోయాయి అనుకున్నాను.

చచ్చిపోయినవాటిలో ఒకదాన్ని తవ్వి తీశాను. మీరు చెప్పినట్టే వేరుముద్ద మధ్యలో పొడి పీట్, చుట్టూ సన్నటి ఎర్రవేర్లు. నేను పెట్టిన నీళ్ళు ఎటు పోయాయో ఇప్పుడు కళ్ళారా చూశాను. నేను ఊరెళ్ళడం వల్లే చచ్చిపోయాయని నెలరోజులుగా బాధ పడుతున్నాను. ఇప్పుడు కాస్త నిమ్మళంగా ఉంది.

రెండు సందేహాలు. ప్లగ్స్ 50 ఉన్న ట్రే కొంటే ఒక్కసారే అన్నీ నాటాలా? విత్తనంతో వస్తాయా? వాచుంగ్‌లో రాలిన విత్తనం కాస్త తెచ్చుకోవచ్చా?

---

చలికాలం డబ్బా – మసాచుసెట్స్

ముందు చివరి ప్రశ్నకి. పార్కుల్లోంచి, రిజర్వేషన్లలోంచి విత్తనం తీయకండి. అది అక్కడి పిట్టలకీ, అక్కడి నేలకీ కావాలి, అనుమతి లేకుండా తీయడం తప్పు కూడా. తోట ఉన్న స్నేహితుల దగ్గర అడగండి, లేదా అడవి మొక్కల విత్తనాలమ్మే చోట కొనండి. చిన్న పొట్లంలోనే వందల గింజలు వస్తాయి.

నేను ఈ మొక్కని విత్తనంతోనే పెంచాను. దీనికి చలి తగలాలి. ఫ్రిజ్‌లో తడి ఇసుకలో రెండు నెలలు పెట్టొచ్చు. కానీ నాకు నచ్చిన పద్ధతి పాలడబ్బాది. గ్యాలన్ డబ్బాని పిడి కింద చుట్టూ కోసి, ఒక పక్క మాత్రం అంటుకుని ఉండేలా వదలాలి. అడుగున ఆరేడు చిల్లులు. మూడంగుళాల ఎత్తున కుండీ మట్టి వేసి బాగా తడిపి, గింజలు పైన చల్లి అరచేత్తో మెల్లగా నొక్కాలి. పైన మట్టి కప్పొద్దు, ఆస్టర్ గింజకి వెలుతురు తగలాలి. డబ్బా మూసి టేప్ వేసి, పైన తిప్పే చిన్న మూత మాత్రం తీసేసి, డిసెంబర్ చివర్లో బయట పెట్టేయాలి. మంచు పడనీయండి, గడ్డకట్టనీయండి, కరగనీయండి. మా దగ్గర ఏప్రిల్ మూడో వారానికి మొలకలు కనిపిస్తాయి. ఎండ పెరగగానే పగలు డబ్బా తెరవాలి, లేకపోతే లోపల ఉడికిపోతాయి. జూన్‌కి చిన్న కుండీల్లోకి, సెప్టెంబర్‌కి నేలలోకి.

సొంత మొక్కల నుంచి గింజలు తీసుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆస్టర్లలో చాలావాటికి గింజ గట్టిపడాలంటే వేరే మొక్క పుప్పొడి కావాలి. ఒకే మొక్కని విడగొట్టి పెంచిన గుంపు అయితే పైకి దూది బాగానే కనిపిస్తుంది, లోపల గింజలు చాలావరకు తాలు. అందుకే మూడు నాలుగు వేరువేరు చోట్ల నుంచి వచ్చిన మొక్కలు ఉండటం మంచిది. విత్తనంతో పెంచితే ఆ సమస్య రాదు, ప్రతి మొక్కా వేరే.

ఇంకొకటి, దీనివల్ల నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నాను. రాలిన గింజల నుంచి వచ్చిన మొలకలు ఏప్రిల్‌లో చిన్నచిన్న హృదయాకారం ఆకులతో ఉంటాయి. అదే సమయంలో గార్లిక్ మస్టర్డ్ అనే కలుపు, అడవి వయొలెట్లు కూడా దాదాపు అలాగే ఉంటాయి. నేను అన్నీ కలుపే అనుకుని ఒక ఆదివారం ఉదయం శుభ్రంగా పీకేశాను. సాయంత్రం బకెట్‌లో చూస్తే సగానికి పైగా నా ఆస్టర్లే. ఇప్పుడు ఒక ఆకు నలిపి వాసన చూడకుండా ఏదీ పీకను. వెల్లుల్లి వాసన వస్తే గార్లిక్ మస్టర్డ్. దాని ఆకు గుండ్రంగా, అంచులు మెత్తటి వంపులతో ఉంటాయి. ఆస్టర్ ఆకు అంచున పళ్ళు పదునుగా, కొన సూదిగా ఉంటుంది. వయొలెట్ ఆకు నున్నగా, దొన్నెలా ముడుచుకుని లేస్తుంది.

---

రాతినేల

విత్తనం గురించి పైన చక్కగా చెప్పారు. ట్రే సంగతి: ఒక్కసారే 50 నాటొద్దు. మొదటి ఎండాకాలం వాటికి వారానికోసారి నీళ్ళు పెట్టాలి, మీరు ఎన్నింటికి పెట్టగలరో అన్నే నాటండి. ఈ శరత్తులో 20, అవి ఎలా ఉన్నాయో చూసుకుని వచ్చే ఏడాది మిగతావి. ట్రే ఇంకెవరితోనైనా పంచుకుంటే మరీ మంచిది.

ఒంటరిగా ఆస్టర్ ఒక్కటే వేస్తే ఏప్రిల్, మే నెలల్లో ఆ చోటు బోసిగా ఉంటుంది. నేను మధ్యమధ్య క్రిస్మస్ ఫెర్న్, గడ్డిలా ఉండే పెన్సిల్వేనియా సెడ్జ్ పెట్టాను. రెండూ ఈ పొడి నీడ తట్టుకుంటాయి, ఫెర్న్ అయితే చలికాలమంతా పచ్చగా ఉంటుంది. పక్కన బ్లూ-స్టెమ్డ్ గోల్డెన్‌రాడ్ నాలుగు పెట్టండి. ఆస్టర్ పూసినప్పుడే అదీ పూస్తుంది, తెలుపు పక్కన ఆ పసుపు ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను.

మీవారికి ఇది చెప్పండి: జపాన్ పాకిసాండ్రా నేలని కప్పుతుంది, నిజమే. కానీ అది కప్పిన చోట ఇంకేదీ రాదు, ఇక్కడి పురుగులకి దాదాపు ఏ ఉపయోగమూ లేదు. ఆస్టర్ ఉన్నచోట సెప్టెంబర్‌లో ఒక్క పావుగంట కూర్చుంటే తేడా ఆయనకే తెలుస్తుంది.

---

సెప్టెంబర్ తేనెటీగ – నార్త్ న్యూజెర్సీ

ఆ పావుగంట గురించే రాయాలని వచ్చాను. మా ఊళ్ళో సెప్టెంబర్ చివరికి తోటలు ఖాళీ అయిపోతాయి. అప్పుడు పూసేవి ఆస్టర్లు, గోల్డెన్‌రాడ్‌లే. చలికాలం నిద్రపోయే ముందు కొత్త బంబుల్‌బీ రాణులు ఒంట్లో కొవ్వు నింపుకోవాలి. అవి మా తెల్ల ఆస్టర్ల మీద పొద్దున చలికి రెక్కలు ఆడక అలాగే పువ్వు పట్టుకుని కూర్చుంటాయి, ఎండ తగిలాక కదులుతాయి. ఆండ్రీనా జాతి ఒంటరి తేనెటీగల్లో కొన్ని పిల్లలకి ఆస్టర్ పుప్పొడి మాత్రమే పెడతాయి, ఆస్టర్ లేకపోతే వాటికి సంతానం లేదు. పెర్ల్ క్రెసెంట్ అనే చిన్న నారింజ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆస్టర్ ఆకులే తింటాయి. ఆకులకి చిల్లులు కనిపిస్తే మందు కొట్టకండి, ముందు తిరగేసి చూడండి. కొనేటప్పుడు కూడా నియోనికోటినాయిడ్ అనే పురుగుల మందు వాడారా అని అడగండి. ఆ మందు మొక్క లోపలికి, పుప్పొడిలోకి కూడా చేరుతుంది.

రాలిన ఆకుల విషయంలో నా అనుభవం వేరు. చాలామంది మేపుల్ ఆకులని మూవర్‌తో తునకలు చేసి పరుస్తారు. నార్వే ఆకులు పెద్దవి, తడిసి అట్టలా అంటుకుని చిన్న మొక్కల్ని ఊపిరాడకుండా చేస్తాయి, అది నిజం. కానీ ఆ ఆకుల్లోనే ఎన్నో పురుగుల ప్యూపాలు (గూటిలో ఉన్న పురుగులు) చలికాలం దాక్కుంటాయి, మూవర్ కింద అవి కూడా తునకలైపోతాయి. నేను ఆకులని అలాగే ఉంచి, ఏప్రిల్‌లో ఆస్టర్ చిగురు కనిపించిన చోట మాత్రం వేళ్ళతో పక్కకి తప్పిస్తాను. 20 మొక్కలకి అరగంట పని. కాండాలు కూడా చలికాలంలో కోయను. జుంకోలు, గోల్డ్‌ఫించ్‌లు అనే పిట్టలు ఆ గింజల కోసం వస్తాయి.

కుందేళ్ళకి రెండడుగుల ఎత్తు కోళ్ళ కంచె తీగ చుట్టూ పెట్టండి, మొదటి రెండేళ్ళు చాలు. జింకలు ఉంటే చివర్లు కొరుకుతాయి, గట్టిపడిన మొక్కని చంపవు.

ఎవరి పెరటి నుంచైనా మొక్కలు తెచ్చుకుంటే వేర్లకున్న మట్టి అక్కడే కడిగేసి తెచ్చుకోండి. జంపింగ్ వర్మ్స్ అనే ఆసియా వానపాములు మట్టితో పాటే వస్తాయి. అవి చేరిన నేల పైపొర కాఫీపొడిలా పొలుసుపొలుసుగా అయిపోతుంది, రాలిన ఆకు మిగలదు. మా పక్క వీధికి వచ్చేశాయి. ఆ నేల చూస్తే ఏడుపొస్తుంది.

---

వెనకపెరడు

అందరికీ కృతజ్ఞతలు. మల్చ్ సగం తీశాను. పుల్లతో గుచ్చి పాలడబ్బాలు పెట్టి అయిదు రోజులైంది, నిన్న మధ్యాహ్నం రెండు మొక్కలూ వాడలేదు. ప్లగ్స్‌కి సెప్టెంబర్ 20కి వచ్చేలా ఆర్డర్ ఇచ్చాను. మా ఆయన మొత్తం అంతా చదివి, తేనెటీగల దగ్గర ఆగి, "సరే, పాకిసాండ్రా వద్దులే" అన్నారు. కోళ్ళ కంచె తీగ తనే తెస్తానన్నారు.

ఆ వాలిపోయిన మొక్కకి కర్ర పాతి లేపి కట్టనా?

---

రాతినేల

వద్దు, లేపకండి. వాలిన చోట నుంచే చివర్లు పైకి తిరిగి పూస్తాయి. ఇప్పుడు కడితే కాండం విరుగుతుంది, మొగ్గలు పోతాయి. నీడలో ఈ మొక్క వాలడం మామూలే. ఇంగ్లండ్‌లో గెర్ట్రూడ్ జెకిల్ అనే పేరున్న తోటల రూపకర్త తన మన్‌స్టెడ్ వుడ్ తోటలో దీన్ని బెర్జీనియాల పక్కన పెట్టి, ఆ మందపాటి ఆకుల మీద వాలేలా వదిలింది. మీకు ఆ పని క్రిస్మస్ ఫెర్న్ చేస్తుంది, వాలిన వైపే ఒకటి నాటండి.

గుబురుగా రావాలంటే వచ్చే ఏడాది కాదు, ఆ పై ఏడాది జూన్ మొదట్లో మూడోవంతు కోయండి. చామంతికి తలలు తుంచుతాం కదా, అదే పని. జూన్ దాటాక మాత్రం కత్తెర పెట్టొద్దు, మొగ్గ పోతుంది. కొత్తగా నాటినవాటిని మొదటి ఏడాది అసలు కోయకండి.

ఒక్కోసారి ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు, అడుగున నారింజ రంగు తుప్పు తెగులు రావచ్చు. చూడటానికి బాగుండదు గానీ వాటితో ఈ మొక్క చావదు, నేను ఏనాడూ మందు వాడలేదు. ఆ వాలిన మొక్క మొగ్గలు విచ్చుకున్నాక రేకులు లెక్కపెట్టి చెప్పండి.

---

వెనకపెరడు

సెప్టెంబర్ 9. ఈ పొద్దున మొదటి పువ్వు విచ్చుకుంది. ఏడు రేకులు. ఎనిమిదోది ఉండాల్సిన చోట ఖాళీ. బొడ్డు ఇంకా పసుపుగానే ఉంది. అమ్మకి ఫోటో పంపాను.